సూర్యుడు ఇవాళ ఏ నక్షత్రం దగ్గర ఉన్నాడు? బెజవాడ డాబా మీద నుంచే కనిపెట్టే పద్ధతి

రోహిణి కార్తె రాగానే బెజవాడలో ఎవరిని కదిపినా "రోళ్ళు పగిలే ఎండలు" అంటారు. మృగశిర కార్తె వస్తే చేపల మార్కెట్ దగ్గర జనం కిటకిటలాడతారు. కానీ ఆ రోహిణిని, ఆ మృగశిరను ఆకాశంలో ఎప్పుడైనా చూశారా అని అడగండి, చాలామంది దగ్గర జవాబు ఉండదు. కార్తె అంటే గోడ క్యాలెండర్‌లో అచ్చేసిన పేరు మాత్రమే కాదు. ఆ పద్నాలుగు రోజులూ సూర్యుడు నిజంగానే ఆ నక్షత్రం ఉన్న దిక్కులో ఉంటాడు. పగటి వెలుగులో చుక్క కనబడదు కాబట్టి మనకు తెలియదు, అంతే. కాస్త ఓపిక ఉంటే దూరదర్శిని లేకుండా, పైసా ఖర్చు లేకుండా దీన్ని మీరే రుజువు చేసుకోవచ్చు. నేను సత్యనారాయణపురంలో మా డాబా మీద చేసిన పద్ధతే రాస్తున్నాను. గుంటూరు వాళ్ళకూ ఇదే సరిపోతుంది, రెండు ఊళ్ళకూ తేడా చాలా తక్కువ.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. ఇందులో ఎక్కడా సూర్యుణ్ణి నేరుగా చూడాల్సిన పని లేదు, చూడకూడదు కూడా. పగలు నీడతో పని, రాత్రి చుక్కలతో పని. నల్ల కళ్ళద్దాలు, ఎక్స్‌రే ఫిల్ములు సూర్యుణ్ణి చూడటానికి పనికిరావు. పిల్లలు పక్కన ఉంటే ఈ మాట ముందే గట్టిగా చెప్పండి.

ముందుగా చక్రం గీసుకోండి

ఒక పెద్ద చార్టు తీసుకుని, దారం కట్టిన పెన్సిల్‌తో వృత్తం గీయండి. దాన్ని 27 భాగాలు చేయాలి. ఒక్కో భాగం 13 డిగ్రీల 20 నిమిషాలు. జామెట్రీ బాక్సులోని ప్రొట్రాక్టర్‌తో పదమూడుంబావు చొప్పున పెట్టుకుంటూ పోయి చివర్లో సర్దుకున్నా ఫరవాలేదు. అశ్వినితో మొదలుపెట్టి, గడియారం తిరిగే దిక్కుకు ఎదురుగా భరణి, కృత్తిక, రోహిణి అంటూ రేవతి దాకా పేర్లు రాయండి. వాటికి బయటి వైపు కార్తె ప్రవేశించే తేదీలు రాయాలి. ఇవి మీ ఇంట్లో క్యాలెండర్‌లోనే ఉంటాయి. అశ్విని ఏప్రిల్ 14 ప్రాంతంలో మొదలవుతుంది, కృత్తిక మే 11, రోహిణి మే 25, మృగశిర జూన్ 8, ఆరుద్ర జూన్ 22, మఖ ఆగస్టు 17, చిత్త అక్టోబరు 10, జ్యేష్ఠ డిసెంబరు 2, మూల డిసెంబరు 16. ఏడాదిని బట్టి ఒక రోజు అటూఇటూ కావచ్చు. లోపలి వైపు పన్నెండు రాశులు వేసుకోండి. ఒక్కో రాశికి రెండుంబావు నక్షత్రాలు.

ఈ తేదీలు రాసేటప్పుడు ఒక విషయం గమనించండి. వేసవి కార్తెలు దాదాపు పద్నాలుగేసి రోజులు సాగుతాయి, చలికాలపు కార్తెలు పదమూడు రోజులకే ముగుస్తాయి. అచ్చు తప్పు అనుకోవద్దు. జనవరి మొదట్లో భూమి సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా ఉండి వేగంగా తిరుగుతుంది, జూలై మొదట్లో దూరంగా ఉండి నెమ్మదిస్తుంది. ఆ వేగం తేడానే మనకు సూర్యుడి నడకలో తేడాగా కనబడుతుంది. అందుకే ధనుర్మాసం ఇరవై తొమ్మిది రోజుల చిల్లరకే అయిపోతుంది, మిథున సంక్రమణం నుంచి కర్కాటక సంక్రమణం దాకా మాత్రం ముప్ఫై ఒక్క రోజులు దాటుతుంది.

ఇప్పుడు మీ చేతిలో ఉన్నది సూర్యుడి దారి పటం. ఆ దారి పేరు క్రాంతివృత్తం. సూర్యుడు దాని మీద రోజుకు సుమారు ఒక డిగ్రీ చొప్పున పడమర నుంచి తూర్పుకు జరుగుతాడు. రోజూ తూర్పున లేచి పడమర కుంగేది వేరు, అది భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల. చుక్కల మధ్య జరిగే ఈ నెమ్మది నడక భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల. ఈ రెండిటినీ కలిపేసుకుంటే ముందుకెళ్ళలేరు, కాబట్టి ఇక్కడ కాస్త ఆగి అర్థం చేసుకున్నాకే కదలండి.

దిక్కులు సరిగ్గా కనుక్కోవడం

దీనికి ఫోన్‌లోని దిక్సూచిని నమ్మవద్దు. మా డాబా మీద నీళ్ళ ట్యాంకు ఇనప స్టాండు పక్కన పెట్టి చూస్తే ఒక దిక్కు, నాలుగడుగులు జరిగి చూస్తే ఇంకో దిక్కు చూపించింది. మొదటి ఏడాది నా గీతలన్నీ దానివల్లే తప్పాయి. పాత పద్ధతే నయం. చదునైన నేల మీద ఒక కర్రను నిటారుగా నిలబెట్టండి. దీన్నే మన పెద్దలు శంకువు అన్నారు. శంకుస్థాపన అనే మాటలో ఉన్నది కూడా ఈ శంకువే. నిటారుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి సరిచూసుకోండి, తాపీమేస్త్రి దగ్గర తూకం గుండు దొరికితే మరీ మంచిది. కర్ర మొదలు కేంద్రంగా నేల మీద సుద్దముక్కతో ఒక వృత్తం గీయండి. పొద్దున నీడ పొడవుగా ఉంటుంది, పోనుపోను కురచ అవుతుంది. నీడ కొస ఆ వృత్తాన్ని తాకి లోపలికి పోయే చోట ఒక చుక్క పెట్టండి. మధ్యాహ్నం దాటాక అదే కొస మళ్ళీ వృత్తాన్ని తాకి బయటికి వస్తుంది, అక్కడ ఇంకో చుక్క. రెండు చుక్కలనూ కలిపిన గీతే తూర్పు పడమరలు. కర్ర మొదలు నుంచి ఆ గీతకు లంబంగా గీస్తే ఉత్తర దక్షిణాలు. గీతను పెయింటుతో వేసేయండి, ఏడాదంతా పనికొస్తుంది.

ఆ నీడ కొసను ఒకసారి దగ్గరగా కూర్చుని చూడండి. పెన్సిల్‌తో కొస దగ్గర గీత పెట్టి, తల పైకెత్తి మళ్ళీ కిందికి చూసేసరికి గీత ఎండలో ఉంటుంది, నీడ ముందుకెళ్ళిపోయి ఉంటుంది. కొస పదునుగా ఉండదు, అంచు మసకగా ఉంటుంది. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బింబం కాబట్టి అలా మసకబారుతుంది. మసక మధ్యలో గీత పెట్టడం అలవాటు చేసుకోండి.

మధ్యాహ్నపు నీడను కొలవండి

మన దేశపు గడియారం 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం నడుస్తుంది. విజయవాడ దానికి కొంచెం పడమరగా, 80.6 డిగ్రీల దగ్గర ఉంది. అందుకని మనకు అసలు మధ్యాహ్నం సగటున 12 గంటల 7 నిమిషాలకు వస్తుంది, గుంటూరులో ఇంకో నిమిషం ఆలస్యం. ఇది కూడా ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. నవంబరు మొదట్లో 11 గంటల 51 నిమిషాలకే మధ్యాహ్నం అయిపోతుంది, ఫిబ్రవరి రెండో వారంలో 12 గంటల 22 నిమిషాల దాకా కాదు. గడియారం చూసి తికమక పడకుండా, నీడ మీ ఉత్తర దక్షిణ గీత మీద పడిన క్షణమే మధ్యాహ్నం అనుకోండి. అప్పుడే కొలవండి.

కర్ర సరిగ్గా ఒక మీటరు ఉంటే లెక్క తేలిక. విజయవాడ అక్షాంశం 16.5 డిగ్రీలు కాబట్టి డిసెంబరు 21, 22 తేదీల్లో మధ్యాహ్నపు నీడ ఉత్తరానికి సుమారు 84 సెంటీమీటర్లు పడుతుంది. మార్చి 21 ప్రాంతంలో 30 సెంటీమీటర్లు. మే 6 ప్రాంతంలో, 12 గంటల 4 నిమిషాలకు అసలు నీడే ఉండదు. స్టీలు గ్లాసును నేల మీద బోర్లిస్తే చుట్టూ ఎక్కడా నీడ బయటికి రాదు. ఇది మాత్రం తప్పకుండా చూడండి, పిల్లల్ని కూడా పిలవండి. ఆ తర్వాత నీడ దక్షిణానికి తిరుగుతుంది! జూన్ 21న దక్షిణం వైపు 12 సెంటీమీటర్లు ఉంటుంది. మన ఊళ్ళో సూర్యుడు మధ్యాహ్నం ఎప్పుడూ నడినెత్తినో దక్షిణానో ఉంటాడని అనుకుంటాం గానీ, మే 6 నుంచి ఆగస్టు 7 దాకా మూడు నెలలు ఉత్తరాన ఉంటాడు. ఆగస్టు 7 ప్రాంతంలో మళ్ళీ నీడ లేని రోజు వస్తుంది, అప్పుడు మబ్బు దయ.

వారానికి ఒక్క కొలత చాలు. ప్రతి కొలతనూ ఇందాకటి చక్రంలో ఆ తేదీ దగ్గర రాసుకోండి. సూర్యుడు ఏ చుక్కల దగ్గర ఉన్నప్పుడు ఉత్తరానికి ఎక్కాడో, ఎక్కడ ఉన్నప్పుడు దక్షిణానికి దిగాడో మీకే తెలుస్తుంది. సూర్యుడి దారి ఖగోళ మధ్యరేఖకు, అంటే భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీతకు, 23.4 డిగ్రీలు వాలి ఉందని పుస్తకంలో చదవడం వేరు, 84 సెంటీమీటర్లూ 12 సెంటీమీటర్లూ మీ చేత్తో రాసుకోవడం వేరు.

అసలు పని: చుక్క మునగడం, తేలడం

సూర్యుడి పక్కన చుక్కను చూడలేం. కానీ సూర్యుడు ఒక చుక్కను సమీపిస్తుంటే ఆ చుక్క సాయంత్రం పూట పడమట రోజురోజుకూ కిందికి దిగుతూ వచ్చి, చివరికి సంధ్యకాంతిలో మునిగిపోతుంది. సూర్యుడు దాన్ని దాటి వెళ్ళిపోయాక తెల్లవారుజామున తూర్పున తేలుతుంది. మునిగిన రోజుకూ తేలిన రోజుకూ నడుమ ఎక్కడో సూర్యుడు ఆ చుక్క దగ్గర ఉన్నాడన్నమాట. ఇంతకన్నా సూటి రుజువు లేదు.

దీనికి జ్యేష్ఠ నక్షత్రం చక్కగా సరిపోతుంది. ఎర్రగా, ప్రకాశంగా ఉంటుంది, వృశ్చికం గుండె దగ్గరి చుక్క. వానలు వెనకబట్టాక అక్టోబరు మధ్యలో మొదలుపెట్టండి. సూర్యుడు అస్తమించిన నలభై నిమిషాలకు, అంటే ఆరున్నర ప్రాంతంలో, నైరుతి వైపు చూడండి. తల కిందికి, తోక ఎడమ పైకి ఉన్న తేలు ఆకారం కనబడుతుంది. జ్యేష్ఠ ఎంత ఎత్తులో ఉందో పిడికిలితో కొలవండి. చెయ్యి చాచి పట్టుకున్న పిడికిలి వెడల్పు దాదాపు పది డిగ్రీలు, పెద్దవాళ్ళకైనా పిల్లలకైనా. అక్టోబరు 15న దిగంతం నుంచి సుమారు రెండున్నర పిడికిళ్ళ ఎత్తు ఉంటుంది. నవంబరు 1న, మళ్ళీ అస్తమయమైన నలభై నిమిషాలకే చూస్తే, పిడికిలిన్నర. పదో తేదీకి ఒక్క పిడికిలి కూడా ఉండదు. నెల మధ్యకల్లా కనబడదు.

ఎక్కడ నిలబడి చూడాలన్నది మన ఊళ్ళో పెద్ద ప్రశ్నే. అపార్టుమెంట్లు, కొండలు, పొగమంచు. నాకు ప్రకాశం బ్యారేజీ వైపు బాగా కుదిరింది. ఎగువ వైపు నీళ్ళు పరుచుకుని ఉండటంతో పడమర చాలా వరకు తెరిచి ఉంటుంది. కుడి వైపు ఇంద్రకీలాద్రి, ఎడమ వైపు ఉండవల్లి కొండలు. జ్యేష్ఠ దిగేది ఆ ఎడమ వైపే, కాబట్టి కొండలు అడ్డం రాని చోటు, వీధి దీపం కంట్లో కొట్టని చోటు ముందే చూసి పెట్టుకోండి. ట్రాఫిక్‌లో నిలబడి మాత్రం పైకి చూడకండి, ఘాట్ల వైపు దిగిపోవడం మంచిది. గుంటూరు వాళ్ళకు ఈ విషయంలో సుఖం ఎక్కువ. అమరావతి రోడ్డులో ఊరు దాటితే చాలు, మిరప చేల మీద ఆకాశం నేలకు ఆనుకునే దాకా కనబడుతుంది. చూస్తున్న చుక్క మినుకు మినుకుమనకుండా నిలకడగా వెలుగుతుంటే అది గ్రహం అయి ఉండవచ్చు. తేలు ఆకారంతో సరిపోల్చుకున్నాకే రాసుకోండి.

డిసెంబరు 2 నుంచి జ్యేష్ఠ కార్తె. సూర్యుడు సరిగ్గా ఆ చుక్క పక్కకు వచ్చేది కూడా ఆ రోజుల్లోనే. క్యాలెండర్ చెప్పినదాన్ని మీ కళ్ళతో సరిచూసుకోవాలంటే ఇంకో ఇరవై రోజులు ఆగాలి. డిసెంబరు 16న ధనుర్మాసం మొదలై వైష్ణవాలయాల్లో తెల్లవారకముందే తిరుప్పావై వినబడుతుంది కదా, ఎలాగూ లేస్తారు కాబట్టి 20వ తేదీ దాటాక ఐదుంముప్పావుకు డాబా ఎక్కండి. ఆగ్నేయం వైపు, తూర్పుకు మూడు పిడికిళ్ళు దక్షిణంగా, కిందుగా చూడండి. మంచు పట్టిన రోజు కనబడకపోవచ్చు, మర్నాడు మళ్ళీ చూడాల్సిందే. ఎర్రటి చుక్క ఆ బూడిదరంగు వెలుగులోంచి కనబడిన క్షణం, నెల రోజుల కిందట పడమట బ్యారేజీ మీద పోగొట్టుకున్నది ఇదేనా అనిపిస్తుంది. ఇదే. సూర్యుడే దాన్ని దాటుకుని తూర్పుకు వచ్చేశాడు.

పున్నమి చంద్రుడితో సరిచూడటం

పొద్దున్నే లేవలేని వాళ్ళకు ఇది మరీ సులువు. పున్నమి నాడు చంద్రుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉంటాడు. కాబట్టి చంద్రుడు ఏ నక్షత్రం దగ్గర ఉన్నాడో చూసి, చక్రం మీద ఆ నక్షత్రం నుంచి కేంద్రం మీదుగా అవతలికి స్కేలు పెట్టండి. అక్కడ సూర్యుడుంటాడు. మన నెలల పేర్లు పుట్టిందే ఇలా. పున్నమి చంద్రుడు చిత్త దగ్గర ఉంటే చైత్రం, విశాఖ దగ్గర ఉంటే వైశాఖం, కృత్తిక దగ్గర ఉంటే కార్తీకం. కార్తీక పౌర్ణమి నాడు కృష్ణలో దీపాలు వదిలి తల పైకెత్తితే చంద్రుడికి చేరువలో కృత్తికల గుంపు ఉంటుంది. వెన్నెల ఎక్కువ కాబట్టి చంద్రుణ్ణి అరచేత్తో మూసి వెతకాలి. కృత్తికతో కలిపి లెక్కపెడితే పద్నాలుగోది విశాఖ. సూర్యుడు ఆ రోజుల్లో విశాఖ చుట్టుపక్కలే ఉంటాడు. ఒక నక్షత్రం అటూఇటూ అయినా కంగారు పడవద్దు, చాంద్రమాసానికీ సౌరమాసానికీ ఏడాదికి పదకొండు రోజుల తేడా ఉంటుంది, అధికమాసం వచ్చి దాన్ని సర్దుతూ ఉంటుంది.

సంక్రాంతి రాత్రి నడినెత్తిన రోహిణి

ఇది బెజవాడ వాళ్ళకు దక్కిన ప్రత్యేకమైన అదృష్టం అని నా అభిప్రాయం. రోహిణి నక్షత్రం ఖగోళ మధ్యరేఖకు పదహారున్నర డిగ్రీలు ఉత్తరాన ఉంది. విజయవాడ అక్షాంశం కూడా పదహారున్నరే. అంటే రోహిణి మన ఊరి నడినెత్తి మీదుగానే దాటుతుంది, గుంటూరులో పావు డిగ్రీ తేడా. సంక్రాంతి రాత్రి 9 గంటల 10 నిమిషాల ప్రాంతంలో డాబా మీద చాప వేసుకుని వెల్లకిలా పడుకుని చూడండి. సరిగ్గా పైన నారింజ రంగు చుక్క, అదే రోహిణి. సూర్యుడు ఆ రోజు మకరంలో అడుగుపెట్టాడు, రోహిణి చేరడానికి ఇంకా నాలుగున్నర నెలలు నడవాలి. చుక్కలు రోజూ నాలుగు నిమిషాలు ముందుగా వస్తాయి కాబట్టి ఫిబ్రవరి మధ్యకు రోహిణి ఏడు గంటలకే నడినెత్తికి వస్తుంది, ఏప్రిల్‌లో సాయంత్రం పడమటికి వాలిపోయి ఉంటుంది. సూర్యుడు తరుముకొస్తున్నాడు.

సంక్రాంతి మాట వచ్చింది కాబట్టి అందరూ అడిగేది ఇక్కడే చెప్తాను. మీ నీడ కొలతల్లో సూర్యుడు ఉత్తరానికి మళ్ళింది డిసెంబరు 21, 22లలో. మరి ఉత్తరాయణ పుణ్యకాలం జనవరి 14, 15లలో ఎందుకు? భూమి అక్షం బొంగరంలా మెల్లగా తిరుగుతోంది, ఒక చుట్టుకు దాదాపు 26,000 ఏళ్ళు. దానివల్ల ఋతువులకూ చుక్కలకూ మధ్య 72 ఏళ్ళకు ఒక డిగ్రీ తేడా పడుతుంది. సుమారు 1,700 ఏళ్ళ కిందట మకర సంక్రమణమూ ఉత్తరాయణమూ ఒక్క రోజే. ఇప్పటికి తేడా 24 డిగ్రీలైంది. మన పంచాంగం చుక్కలను పట్టుకుని ఉంది, నీడ ఋతువును పట్టుకుని ఉంది. రెండూ నిజమే, కొలుస్తున్నవి వేరు.

ఇంకో లెక్క కూడా ఉంది. పన్నెండు రాశులూ సమానంగా ముప్ఫై డిగ్రీలు అన్నది మన సౌకర్యం కోసం చేసుకున్న విభజన. ఆకాశంలో తారామండలాలు అలా సమానంగా లేవు. 1930లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ఆమోదంతో వచ్చిన సరిహద్దుల ప్రకారం సూర్యుడి దారి పదమూడు మండలాల గుండా పోతుంది. కన్యలో నెలన్నర ఉంటాడు, వృశ్చికంలో నవంబరు చివర్లో వారం రోజులే, ఆ తర్వాత డిసెంబరు 17 దాకా ఆఫియుకస్ అనే, పామును పట్టుకున్న మనిషి మండలంలో ఉంటాడు. జాతకాలు మారిపోయాయని దీన్ని పట్టుకుని టెన్షన్ పడేవాళ్ళున్నారు. అక్కర్లేదు, ఇవి మ్యాపు మీద జిల్లా సరిహద్దుల్లాంటివి. మీ చక్రంలో మూడో వరుసగా వీటినీ వేసుకుంటే తేడా ఒక్క చూపులో తెలుస్తుంది. మబ్బు పట్టిన రోజుల్లో ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో స్టెల్లేరియం అనే ఆకాశ పటం ప్రోగ్రాం పెట్టుకుని, ఊరు విజయవాడ అని ఇచ్చి, అందులో వాతావరణం అనే ఆప్షన్ ఆపేస్తే పట్టపగలే సూర్యుడి వెనక చుక్కలు కనబడతాయి. ముందు కళ్ళతో చూసి, తర్వాత దాంతో సరిచూసుకోండి, ముందే అందులో చూసేస్తే వెతకబుద్ధి కాదు.

మే, జూన్ నెలల్లో

ఏప్రిల్ చివరికల్లా కృత్తికలు పడమటి వెలుగులో మునుగుతాయి. మే సగం దాటాక రోహిణి కూడా పోతుంది. 25న రోహిణి కార్తె వస్తుంది, జూన్ 1 ప్రాంతంలో సూర్యుడు ఆ చుక్క పక్కనే ఉంటాడు. చుక్కకు అయిదున్నర డిగ్రీలు ఉత్తరంగా, అంటే సుమారు అర పిడికిలి దూరంలో దాటిపోతాడు. మధ్యాహ్నం రోడ్లు ఖాళీ అయిపోయి, ఫ్యాను గాలి కూడా వేడిగా కొడుతున్నప్పుడు, ఆ మండే సూర్యుడి పక్కనే సంక్రాంతి రాత్రి మీరు చాప మీద పడుకుని చూసిన నారింజ రంగు చుక్క ఉందని గుర్తు చేసుకోండి.

అది తేలడం చూడాలంటే ఆరుద్ర కార్తె ప్రవేశించాక, జూన్ ఆఖరి వారంలో ప్రయత్నించాలి. అప్పటికి వానలు మొదలై ఉంటాయి కాబట్టి ఒక్కరోజుతో అయ్యే పని కాదు. రాత్రి వాన కురిసి వెలిసిన రోజు అలారం పెట్టుకోండి, దుమ్ము కడిగేసిన ఆకాశం మళ్ళీ దొరకదు. తెల్లవారుజామున నాలుగూ యాభైకి, తూర్పుకు కాస్త ఉత్తరంగా, కింద ఒక పిడికిలి లోపు వెతకండి. కనబడితే ఆ తేదీని చక్రంలో రోహిణి పక్కన రాయండి. కనబడకపోతే గడి ఖాళీగా వదిలేసి, వచ్చే ఏడాది కోసం అక్కడో చిన్న సున్నా చుట్టి పెట్టండి.